బోడి మల్లన్న ఓటు

ఆస్ట్రేలియా ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు, అంటే 2013 సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున, నేను సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంటు వంటింట్లో దోసెలు పోస్తూ ఆ దేశాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. పక్కన గట్టు మీద లాప్‌టాప్‌లో వార్తలు. గెలిచినాయన చేతులూపుతున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు.

నాకు ఆ దేశంలో ఓటు లేదు. ఏళ్ళ తరబడి టాక్సులు కడుతున్న అమెరికాలోనూ లేదు. చిత్తూరులో ఉండేది, నేనిటు వచ్చేశాక జాబితాలోంచి కొట్టేశారు. మూడు దేశాల రాజకీయాలు కంఠతా వచ్చు గానీ నా వేలికి సిరాచుక్క పెట్టే నాథుడు ఒక్క దేశంలోనూ లేడు.

"ఓటు లేనోళ్ళకే నోరు పెద్దగుంటది," అన్నాడు మా ఆయన ప్లేటు పట్టుకుని నిలబడి. ఆయనది వరంగల్లు. "గా దేశంతోని మనకేంది? దోసె మాడుతున్నది, చూడు."

"మాడనీండి. మా తమ్ముడు అక్కడ లేడూ?"

"ఉంటే ఆయన తిడతడు. నువ్వెందుకు గొంతు చించుకునుడు?"

అదే కదా నా బాధ! మా తమ్ముడు తిట్టడని నాకు తెలుసు. వాడు సిడ్నీలో ఉంటాడు. అంతకు ముందు సంవత్సరమే పౌరసత్వం వచ్చింది. వాడి జన్మలో మొదటి ఓటు ఇదే.

గెలిచినవాళ్ళ మీదే నా కోపం అనుకుంటే పొరపాటు. ఓడినవాళ్ళు మాత్రం ఏం తక్కువ తిన్నారు? మూడేళ్ళలో ఇద్దరు ప్రధానుల్ని తమ చేతులతో తామే దించుకున్నారు. ఆ దేశానికి మొట్టమొదటిసారి ఒక ఆడమనిషి ప్రధాని అయితే ఆవిడని కూలదోసి, అంతకు ముందు ఆవిడ కోసం దించినాయన్నే మళ్ళీ తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన గద్దెనెక్కగానే చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, ఇకమీదట పడవలో వచ్చి శరణు అడిగినవాళ్ళకి ఆస్ట్రేలియాలో ఉండే యోగం లేదు, వాళ్ళని సముద్రంలో దీవులకి పంపేస్తాం అని ప్రకటించడం. అవతలి పార్టీ ఊరుకుంటుందా? అసలు పడవల్నే వెనక్కి తిప్పికొడతాం అంది. దొందూ దొందే. నెలల తరబడి ఒక పెద్ద దేశం, తిండికీ నీళ్ళకీ లోటు లేని దేశం, ఎవరు ఎక్కువ కఠినంగా ఉంటారు అని పోటీలు పెట్టుకుంటే ఆ పోటీకి వాళ్ళు ఎన్నికలని పేరు పెట్టారు. చీ! అప్పుడు నాకు వచ్చిన మాట అదొక్కటే.

సాయంత్రం నాలుగింటికి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. వాళ్ళకి ఆదివారం పొద్దున తొమ్మిది. ప్రతివారం మా అక్కాతమ్ముళ్ళ వేళ అదే. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నిన్న ఓటేసినా! స్కూల్లో పెద్ద లైను. మొత్తం తిరునాళ్ళే అనుకో. బయట బ్రెడ్‌లో సాసేజ్ పెట్టి అమ్ముతా ఉండారు. మనం తినం కదా, ఒట్టి ఉల్లిపాయలు ఫ్రై చేసి పెట్టియ్యమన్నాం. సూపర్‌గా ఉండింది."

అక్కడ ఓటు వేయకపోతే ఫైను. అందుకని అందరూ వేస్తారు. పై సభకి ఇచ్చిన కాగితం మంచం మీద పరిచే దుప్పటంత ఉందట. అక్షరాలు చదవడానికి భూతద్దం కూడా ఇచ్చారట. అది విని నవ్వాను. ఆ నవ్వు తగ్గకముందే అడిగాను, ఎవరికి వేశావురా అని.

చెప్పాడు. పడవలు తిప్పికొడతామన్నవాళ్ళకి.

"నీకు తెలీదక్కా. నువ్వు ఆడ కూర్చుని న్యూస్ చదివి మాట్లాడతావు. వీళ్ళంతా క్యూ జంప్ చేసి వచ్చేవాళ్ళు. మనం ప్రాపర్‌గా అప్లై చేసి రాలేదా? అందరూ ప్రాపర్‌గా లైన్‌లో రావాల."

"ప్రాపర్‌గానా?" అన్నాను. "ఎవర్రా ప్రాపర్‌గా వచ్చింది? నువ్వా?"

వాడు ఇయర్‌ఫోన్స్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పక్క గదిలో వాళ్ళావిడ ఉన్నట్టుంది.

వాడు ఎలా వచ్చాడో చెప్పాలి. 2008లో వాడు సిడ్నీకి వెళ్ళింది వంట చదవడానికి. చదివింది బీకాం. అన్నానికి ఎసరు పెట్టడం కూడా రానివాడు. కానీ ఆ రోజుల్లో వంటవాళ్ళు కావాలని ఆ దేశం జాబితా వేసింది. ఇంకేముంది, మన పిల్లలందరికీ రాత్రికి రాత్రి గరిటె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రెండేళ్ళు వంట కోర్సు, తర్వాత ఏదైనా హోటల్లో తొమ్మిది వందల గంటలు పని చేసినట్టు కాగితం. ఆ రెండూ ఉంటే అక్కడే ఉండిపోవచ్చు. మావాడు ఒక హోటల్లో కొన్ని వారాంతాలు పని చేశాడు. అక్కడ నిలబడలేక పెట్రోలు బంకులో చేరాడు. తొమ్మిది వందల గంటలు కాదు కదా, తొంభై కూడా నిండలేదు. హోటల్ యజమాని సంతకం పెట్టడానికి ఒప్పుకున్నాడు గానీ ఇంగ్లీషులో కాగితం రాసేవాడు లేడు.

రాసింది నేను. మా ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరం అంటే పదో తరగతి నుంచి నా పనే. గ్యాస్ కనెక్షన్ కోసం, టీసీ కోసం, మామయ్య పెన్షన్ కోసం, అన్నీ నేనే రాశాను. ఇదీ అలాగే రాశాను. ఉల్లిపాయలు తరగడం నుంచి తందూరీ పొయ్యి దాకా మావాడు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో ఎక్కడా అనుమానం రాకుండా రాసి సన్నీవేల్ నుంచి ఈమెయిల్ చేశాను. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు. పైగా బాగా రాశానని గర్వపడ్డాను.

ఆ హోటల్లో పెద్ద వంటమనిషి ఒకాయన ఉండేవాడు. శ్రీలంక తమిళుడు. పడవలోనే వచ్చాడు. కొన్ని నెలలు ఆస్ట్రేలియా ప్రభుత్వ నిర్బంధంలో ఉండి, శరణార్థి కాగితాలు చేతికొచ్చి, అప్పుడే ఆ హోటల్లో చేరాడు. భార్య, అయిదేళ్ళ కూతురు వేలూరు దగ్గర శరణార్థుల శిబిరంలో ఉన్నారు. చిత్తూరు నుంచి వేలూరు ఎంతసేపు? బస్సెక్కితే గంట. "మా ఆవిడ మీ ఊరి పక్కనే ఉంది" అంటూ ఆయన మా తమ్ముడిని దగ్గరికి తీశాడు. తంబీ, తంబీ అంటూ కత్తి పట్టుకోవడం నేర్పాడు. చిత్తూరువాళ్ళం కాబట్టి మాకు తమిళం ఇంట్లో మాటే. నేను కూడా ఆయనతో ఒకసారి మాట్లాడాను.

ఒకరోజు వీసా ఆఫీసు నుంచి హోటల్‌కి ఫోన్ వచ్చింది, ఈ కుర్రాడు నిజంగా మీ దగ్గర పని చేస్తున్నాడా అని. యజమాని లేడు. ఫోన్ ఎత్తింది ఆయన. మా తమ్ముడు ఆ వేళప్పుడు పెట్రోలు బంకులో ఉన్నాడు. "ఉన్నాడు సార్, ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. పిలవమంటారా?" అన్నాడట ఆయన తన వచ్చీరాని ఇంగ్లీషులో. అక్కర్లేదని వాళ్ళు పెట్టేశారు. తన కాగితాలే పచ్చిగా ఉన్న మనిషి, ఆఫీసువాళ్ళంటే గుండెలో దడ ఉన్న మనిషి, మావాడి కోసం ఆ మాటన్నాడు. ఈ కథ మావాడు మాకు ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

అందుకే ఆ శనివారం "ప్రాపర్‌గా" అన్నమాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని నీలాంటివాణ్ణి చూసే అన్నార్రా," అన్నాను.

"అక్కా, ఆ పాత విషయాలు కాల్‌లో మాట్లాడొద్దు. అంతా రికార్డ్ అవుతాది."

"అవనీ. నీకు కత్తి పట్టుకోవడం నేర్పిన అన్న ఎలా ఉన్నాడు? ఆయన మొహం చూసే వేశావా ఆ ఓటు?"

వాడు లేచి గది తలుపు వేసి వచ్చాడు. తర్వాత నసుగుతూ చెప్పాడు. "ఆయన వైఫ్, పాప వచ్చినారక్కా. బోట్‌లో. పోయిన నెల."

"వచ్చారా! ఎక్కడున్నారు?"

"నౌరు దీవికి పంపేసినారు. టెంట్లలో ఉండారంట."

లేచి వెళ్ళి సింకు దగ్గర నిలబడ్డాను. ఆ తల్లీబిడ్డలు ఆ దీవిలో ఉన్నారని తెలిసి కూడా వాడు వెళ్ళి, ఉల్లిపాయల బ్రెడ్డు తిని, పడవలు తిప్పేవాళ్ళకి ఓటు గుద్ది వచ్చాడు. తిరిగొచ్చి అడిగితే ఏమన్నాడు? "నా ఒక్క ఓటుతో ఏమయితాదక్కా?"

వారం తిరక్కుండా విషయం ఇంకా ముందుకు వచ్చింది. దీవి మీదున్న తల్లీబిడ్డల్ని సిడ్నీకి రానివ్వమని మంత్రికి అర్జీ పెట్టుకోవచ్చట. మంత్రి తలుచుకుంటే చేయగలడట. అన్న తరఫున ఊరికే పనిచేసి పెడుతున్న లాయరు, ఈ కుటుంబాన్ని ఎరిగిన ఆస్ట్రేలియా పౌరులు ఉత్తరాలు ఇస్తే బలంగా ఉంటుందంది. వాటిని ఆ ఏరియా ఎంపీ చేతికిచ్చి, ఆయన ద్వారా పంపితే మరీ మంచిదంది. అన్నకి తెలిసిన పౌరులు ఎంతమంది? మా తమ్ముడి ఇంటికి వచ్చి అడిగాడట. మావాడు ఆలోచిస్తానని చెప్పి పంపేశాడు.

"ఎట్ల పరిచయం అని అడుగుతారు కదక్కా. హోటల్ అని రాస్తే నా ఫైలు తీస్తారు. ఆ తొమ్మిది వందల గంటలు బయటపడితే సిటిజన్‌షిప్ క్యాన్సిల్ చేస్తారంట."

"హోటల్ మాట లేకుండా నేను రాస్తాను. నువ్వు సంతకం పెట్టు చాలు."

"నువ్వు రాసియ్యి, చూద్దాం."

వివరాల కోసం అన్నతో మళ్ళీ మాట్లాడాను. పాపకి తొమ్మిదేళ్ళు. దీవి నుంచి వారానికొకసారి ఫోన్ చేయనిస్తారు. వేలూరు శిబిరం బడిలో నాలుగో తరగతి పూర్తయింది. ఫోన్ వచ్చినప్పుడల్లా ఆ పిల్ల అడిగేది ఒకటే, సిడ్నీ బడిలో నన్ను అయిదులో వేస్తారా, మళ్ళీ నాలుగులోనే కూర్చోబెడతారా అని. "నేనేం చెప్పేదమ్మా?" అన్నాడు ఆయన.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. టెస్టులు నడుస్తున్నంతసేపూ ఆ ఉత్తరం రాస్తూ, కొట్టేస్తూ గడిపాను. మా ఊరి పక్క ఊళ్ళో ఆ పిల్ల పెరగడం, ఈయన ఎంత కష్టజీవి, తంబీ అని ఎంత ప్రేమగా పిలుస్తాడో, అన్నీ నిజాలే రాశాను. జన్మలో ఒక్క అబద్ధమూ లేకుండా నేను రాసిన ఇమిగ్రేషన్ ఉత్తరం అదొక్కటే. ఒక పేజీ. పంపేశాను.

ఆ వారంలోనే తమ్ముడు ఇంకో ఉత్తరం పంపాడు. వాళ్ళావిడ తమ్ముడి వీసా ఏడాదిగా ఎటూ తేలకుండా ఉందట. "కొంచెం ఇంగ్లీష్ పాలిష్ చెయ్యక్కా" అన్నాడు. అలవాటైన చేయి కదా, అదీ సరిదిద్దాను. మిగతావాళ్ళకంటే ముందుగా చూడవలసిందిగా అని ఎంతో మర్యాదగా రాసి పంపాను. అప్పుడు దాని గురించి రెండోసారి ఆలోచించలేదు.

అక్టోబరంతా నేను అగ్గిమీద గుగ్గిలం. ఇక్కడ అమెరికాలో గవర్నమెంటుకే తాళం వేసి రెండు పార్టీలూ ఒకరినొకరు తిట్టుకుంటున్నాయి. అక్కడ కొత్త ప్రభుత్వం కొలువుదీరింది. కేబినెట్‌లో ఎంతమంది ఆడవాళ్ళు? ఒక్కరు. వలసల శాఖ పేరుకి సరిహద్దుల రక్షణ అని కొత్త తోక తగిలించారు. ఏ పడవ వచ్చిందో, ఎందరు వచ్చారో రోజూ చెప్పం, వారానికోసారి చెబుతాం, అడిగితే అది రహస్యం అన్నారు. చెబితే కదా జనానికి మనుషులు కనబడేది! మొహాలు లేకుండా చేస్తే ఎవరినైనా ఏమైనా చేయవచ్చు. ఆ జనం కూడా ఏమంత అమాయకులు కారు. వాళ్ళకి కావలసిందే అది. ఓటు తప్పనిసరి చేసి, నూటికి నూరుమందినీ లైన్లో నిలబెట్టి వేయించుకున్న పాపం అది. తెలియక జరిగిందని ఎవరూ చేతులు దులుపుకోలేరు.

"నీ బీపీ పెరుగుతది. ఆస్ట్రేలియా పెరగది, తరగది," అనేవాడు మా ఆయన.

ఇంతలో తమ్ముడు మంచి కబురు చెప్పాడు. "దీపావళికి మా అసోసియేషన్ ఫంక్షన్‌కి ఎంపీ వస్తా ఉండాడక్కా. గెలిచిన పార్టీ ఆయనే. నేరుగా చేతికిస్తా." నాకు ప్రాణం లేచివచ్చింది. ఎంతైనా నా తమ్ముడు కదా అనుకున్నాను. అన్నకి కూడా చెప్పానన్నాడు.

దీపావళి ఫోటోలు నెట్లో పెట్టారు. ఎంపీగారి నుదుటిన కుంకుమ, మెడలో పట్టు కండువా, చేతిలో లడ్డు. ఆయన పక్కన మా తమ్ముడు సిల్కు లాల్చీలో వంగి, రెండు చేతులతో ఒక తెల్ల కవరు అందిస్తున్నాడు. ఆ ఫోటో మా ఆయన మొహం ముందు పెట్టాను.

"చూడండి! ఓటు తప్పుగా వేశాడు గానీ మనిషి మంచివాడే."

"నేను కాదన్ననా?" అన్నాడు ఆయన. ఆ పూట ఇద్దరం పండగ చేసుకున్నాం. నేను సేమ్యా పాయసం కూడా వండాను.

మరుసటి శనివారం తమ్ముడు కాల్ చేయగానే అడిగాను, ఎంపీ ఏమన్నాడురా అని.

"చాలా పాజిటివ్‌గా మాట్లాడినాడక్కా. త్వరలోనే బామ్మర్ది ఫైలు కదిలిస్తానన్నాడు."

"బామ్మర్దిదా?"

వాడు స్క్రీన్‌లోంచి పక్కకి చూశాడు.

"ఒరేయ్, ఆ కవర్లో ఏ ఉత్తరం ఉంది?"

"రెండూ ఒకేసారి ఇస్తే బాగుండదక్కా. ఒక మనిషికి ఒక రిక్వెస్టే. పైగా బోటువాళ్ళది ఇస్తే ఆయన మొహం మాడిపోతాది. అప్పుడు మనది కూడా పక్కన పడేస్తాడు."

"మనది! అందరూ లైన్‌లో రావాలని నాకు నీతులు చెప్పింది నువ్వే కదరా! నీ బామ్మర్దికి లైన్ లేదా? సిగ్గూ శరం ఉన్నాయా నీకు? ఆ అన్నకి ఏం చెప్పావు?"

"ఇచ్చేసినానని చెప్పినా. లేకుంటే రోజూ ఇంటికొస్తాడు."

ఆ క్షణంలో నేను వాడిని అనరాని మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. వాడు అంతా విన్నాడు. విని, గొంతు తగ్గించి ఒకటే మాటన్నాడు.

"ఆయనకి నిజం చెప్తే చెప్పక్కా. ఆయనకి కోపమొచ్చి హోటల్ విషయం ఎవరికైనా చెప్తే నేను ఒక్కణ్ణే పోను. ఆ లెటర్ నీ ఈమెయిల్ నుంచి పోయింది. నీ గ్రీన్‌కార్డు ఇంకా లైన్లోనే కదా ఉండేది?"

వాడు బెదిరించలేదు. భయపడుతూ చెప్పాడు. అది ఇంకా అసహ్యంగా ఉంది. కాల్ కట్ చేశాను.

వాడిని తిట్టుకుంటూ వారమంతా తిరిగాను. ఆ ఎంపీని, కొత్త ప్రధానిని, పాత ప్రధానిని, ఉల్లిపాయల బ్రెడ్డుని కూడా తిట్టాను. గురివింద గింజ తన నలుపు ఎరగదని సామెత. నేను మాత్రం నా నలుపు ఎరిగే, అటువైపు చూడకుండా మిగతా అందరినీ తిట్టాను. నిజం చెప్పేయాలని అన్న నంబరు రెండుసార్లు తీశాను. గ్రీన్‌కార్డు ఫైలున్న సొరుగు వైపు చూసి ఫోన్ కింద పెట్టాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆ పై శనివారం అన్నే ఫోన్ చేశాడు. గొంతులో సంబరం దాగడం లేదు.

"అమ్మా, తంబీ ఫోటో పంపినాడు. ఎంపీ చేతికి ఇస్తున్నాడే, ఆ కవర్లోది మీరు రాసిన ఉత్తరమేనా?"

రెండు ఉత్తరాలూ నేను రాసినవే. ఆయన అడిగినదానికి నేను అబద్ధం ఆడనక్కర్లేకపోయింది.

"అవునన్నా. నేను రాసిందే," అన్నాను.

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలమ్మా. పాపకి ఫోన్లో చెప్పేశాను. మంత్రి దాకా పోయింది, ఇక వచ్చేస్తారని చెప్పాను. ఏడుపు ఆపేసింది. మళ్ళీ అదే ప్రశ్న." ఆయన నవ్వుతున్నాడు. "అయిదులోనే వేస్తారు కదమ్మా?"

"వేస్తారన్నా," అన్నాను.